పసుపు బిళ్ళ, ఎర్ర బిళ్ళ

ఓడిల్ థిబో పొద్దున్నే బడికి రాగానే చేసే మొదటి పని, మంచు బూట్లు విప్పి మెత్తటి చెప్పుల్లోకి మారడం. రెండో పని బిళ్ళలు లెక్కపెట్టడం. ఈ రెండిటికీ మధ్య ఒక్కసారి గట్టిగా "అబ్బా" అంటుంది. అంటే మాత్రం మడమల నొప్పి తగ్గుతుందా ఏమిటి, తగ్గదు. ఆ వేళప్పుడు గదిలో వినేవాళ్ళెవరూ ఉండరు కాబట్టి మనసారా అనుకోవచ్చు, అంతే. లార్చ్ మిల్స్ బడిలో ఏడో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పడం మొదలుపెట్టి ఆవిడకి ఇరవై తొమ్మిదేళ్ళు. మొదటి ఇరవై ఏళ్ళూ ఎలా గడిచాయో తెలియలేదు. తర్వాతి తొమ్మిదేళ్ళూ మాత్రం రోజురోజూ తెలుస్తూనే ఉంది.

బిళ్ళలు ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. పసుపువి నూట ఇరవై, ఎర్రవి నూట ఇరవై. అంగుళం చదరం చెక్క ముక్కలు. పందొమ్మిదేళ్ళ కిందట, చెక్కపని నేర్పే గార్నెట్ హౌలాండ్ అనే పెద్దాయన రిటైరవబోతూ, విరిగిన బంగాళాదుంపల పీపాల చెక్కలు కోసి చేసిచ్చాడు. బడి బస్సులకి వేయగా మిగిలిన పసుపు రంగు సగానికి, ఎవరిదో కొట్టానికి వేయగా మిగిలిన ఎర్ర రంగు సగానికి పూశాడు. "నా పేరు చెప్పుకుని వాడుకో అమ్మాయ్" అని డబ్బా చేతిలో పెట్టి, టోపీ తగిలించుకుని వెళ్ళిపోయాడు.

పసుపు బిళ్ళ అంటే ఒకటి. ఎర్ర బిళ్ళ అంటే మైనస్ ఒకటి. రెండూ పక్కపక్కన పెడితే సున్నా. వేరే ఊళ్ళలో ప్లాస్టిక్ బిళ్ళలతో చెప్పే చోట, పిల్లలు ఆ జతని చేత్తో పక్కకి నెట్టి "ఇవి పోయాయనుకుందాం" అంటారట. ఓడిల్ గదిలో అనుకోవడాలేమీ లేవు. పసుపుదీ ఎర్రదీ ఒకదానికొకటి ఆనుకున్నాయంటే రెండూ పోతాయి. చప్పుడూ ఉండదు, పొగా ఉండదు. పెట్టిన వేళ్ళకి కాస్త చల్లగా తగులుతుంది. మర్నాడు పొద్దున మూత తీస్తే రెండూ డబ్బాలోనే ఉంటాయి, కొంచెం తడి మట్టి వాసన వేస్తూ.

ఊళ్ళో ఎవరికీ దీంతో పేచీ లేదు. బడి ఊడ్చే ఆర్మండ్‌కైతే సంతోషం కూడాను. "మిగతా గదుల్లో జిగురు కాయితాలూ, రంగు పూసలూ ఊడ్చలేక చస్తున్నాను. నీ గదిలో సామాను దానంతటదే సర్దుకుంటుంది ఓడిల్, నిన్ను చూసి నేర్చుకోమని మిగతావాళ్ళకి చెప్పు" అంటాడు.

పేచీ ఉంటే ఓడిల్‌కే. పోయిన బిళ్ళ మర్నాటిదాకా రాదు. మొదటి పీరియడ్ పిల్లలు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి వస్తారేమో, కూడికలన్నీ చకచకా చేసి పడేసి యాభై జతలు మాయం చేస్తారు. మధ్యాహ్నానికి డబ్బా అడుగు కనిపిస్తుంది. చిట్టచివరి ఏడో పీరియడ్ వాళ్ళకి ఎనిమిదో, పదో మిగులుతాయి. ఒక్కోరోజు కొన్ని పిల్లల బల్లల్లోనే ఉండిపోయి, డబ్బాలో అన్నీ ఒకే రంగువి మిగులుతాయి. వాటితో ఏం చెప్పాలి, తలకాయ. పంచిపెట్టేటప్పుడు జాగ్రత్తగా ఉండాలని రోజూ అనుకుంటుంది, రోజూ ఒంట్లో ఓపిక చాలక వదిలేస్తుంది.

ఆ ఏడో పీరియడ్‌లో, వెనక కిటికీ పక్కన కూర్చునే పిల్ల పేరు లినియా. పన్నెండు నిండి పదమూడు నడుస్తోంది. సన్నగా, ఎత్తుగా ఉంటుంది, చేతులు మాత్రం పెద్దవాళ్ళ చేతుల్లా ఉంటాయి. మాట్లాడదు. మాట్లాడితే మాత్రం అవతలివాళ్ళ దగ్గర జవాబు ఉండదు.

అక్టోబరు ఆఖర్న ఒకరోజు, ఓడిల్ మైనస్‌లోంచి మైనస్ తీసే పాఠం చెబుతోంది. మూడులోంచి మైనస్ రెండు తీసెయ్యాలి. బల్ల మీద మూడు పసుపు బిళ్ళలున్నాయి. ఎర్రవి ఒక్కటీ లేవు. లేనివాటిని ఎలా తీస్తారు? అందుకని ముందు రెండు జతలు తెచ్చిపెట్టాలి, ఒక్కో జతలో ఒక పసుపు, ఒక ఎర్ర. అవి ఒకదానికొకటి ఆనకుండా వేలెడు దూరంలో పెట్టాలి. జత అంటే సున్నాయే కాబట్టి లెక్క మారదు. ఇప్పుడు బల్ల మీద ఎర్రవి రెండున్నాయి కదా, అవి తీసేస్తే పసుపువి ఐదు మిగిలాయి. ఇదీ పాఠం. పెద్దవాళ్ళకే ఓ పట్టాన మింగుడుపడదు. పైగా ఆ రోజు డబ్బాలో తెచ్చిపెట్టడానికి జతలే లేవు.

"ఉన్నాయనుకోండి" అంది ఓడిల్, నీరసంగా.

"ఎక్కణ్ణుంచి వస్తాయి టీచర్?" అంది లినియా.

"సున్నాలోంచి."

"సున్నాలో ఏమీ ఉండదుగా."

ఓడిల్ కళ్ళద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకుంది. గంట కొట్టడానికి ఇంకా పదకొండు నిమిషాలుంది. "ఏమీ లేకపోవడం కాదే పిల్లా. రెండు పక్కలా సమానంగా ఉండటం. ఎంత కావాలంటే అంత ఉంటుంది సున్నాలో. అడిగి తెచ్చుకోవడమే" అంది. అని, తనన్న మాట తనే మర్చిపోయి బోర్డు తుడిచేసింది. అన్నేళ్ళలో బల్ల మీదికి ఒక్క జతా దానంతటది వచ్చిన పాపాన పోలేదు. వస్తే పొద్దున డబ్బాలోకే.

లినియా మాత్రం మర్చిపోలేదు.

ఇక దానికి రెండు వారాల ముందు జరిగిన పరీక్ష సంగతి. మా వైపు బళ్ళు ఆగస్టు సగంలోనే తెరిచేసి, సెప్టెంబరు చివర్న దుంపలు తవ్వే రోజులకి మూడు వారాలు మూసేస్తారు. తాతల నాటి నుంచీ ఇంతే. పిల్లా పెద్దా అందరూ దుంపల పనిలోనే. ఈ ఏడు లినియా ఒక రైతు దుంపల కొట్టులో బెల్టు దగ్గర నిలబడింది. లారీలోంచి దింపిన సరుకు బెల్టు మీద పోతూ ఉంటుంది, దుంపలూ రాళ్ళూ మట్టిపెళ్ళలూ అన్నీ కలిసి. రాళ్ళూ పెళ్ళలూ ఏరి తీసెయ్యాలి. పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా అదే పని. మూడు వారాలు అలా చేసిన పిల్లలు మళ్ళీ బడికొచ్చిన మొదటి సోమవారం కళ్ళు తెరుచుకునే నిద్రపోతుంటారు. ఆ రోజు టీచర్లెవరూ పాఠం చెప్పరు, ఏదో బొమ్మలేయించి పంపిస్తారు.

లూమిస్ గారికి అది తెలియదు. పదకొండు బళ్ళ లెక్కల చదువు చూడ్డానికి జిల్లా ఆఫీసు వాళ్ళు ఆ వేసవిలోనే ఆయన్ని దక్షిణం నుంచి రప్పించారు. కాలెండరులో ఆ సోమవారం ఖాళీగా కనబడింది, పెద్ద పరీక్ష దాని మీద పెట్టేశాడు. కంప్యూటర్ ముందు సగం తరగతి కునికింది. పోయినేడు మంచి మార్కులొచ్చినవాళ్ళని ఆ మార్కులు కాపాడాయి. లినియాకి ఆ ఆసరా లేదు. ఆరో ప్రశ్న దగ్గర తల బల్లకి ఆనించింది, గంట కొట్టినప్పుడు లేచింది.

నవంబరు మొదట్లో కాగితం వచ్చింది. ఓడిల్ పిల్లల్లోంచి ఒక్కటే పేరు. జనవరి నుంచి లినియాని కింది గదికి పంపాలి.

కింది గది అంటే బాయిలర్ పక్క గది. లెక్కలు రానివాళ్ళని అక్కడ కూర్చోబెడతారు. పైనుంచి కిందికి మెట్లున్నాయి గానీ, ఒకసారి దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కినట్టు ఎవరికీ గుర్తులేదు. అక్కడ ఆల్జీబ్రా చెప్పరు. ఆల్జీబ్రా లేకపోతే పక్క టౌనులో యంత్రాల బడి వాళ్ళు తీసుకోరు. లినియాకి ఆ బడి తప్ప ఇంకో ధ్యాస లేదు. కొట్టులో బెల్టు ఆగిపోయినప్పుడు మిగతా పిల్లలందరూ హాయిగా కూలబడితే, ఈ పిల్ల మెకానిక్ వెనకాల చేరి, ఏ పళ్ళచక్రం ఎందుకు తిరగట్లేదో చూస్తూ నిలబడేది. దుంపలు తవ్వే హార్వెస్టర్లు బాగుచెయ్యడం నేర్చుకోవాలి. అంతే ఆ పిల్లకి కావలసింది.

కాగితం మీద సంతకం పెట్టడానికి వాళ్ళమ్మ ఇంగ్రిడ్ వచ్చింది. దుంపల వేపుళ్ళ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, జుట్టు రాలకుండా కట్టుకునే తలవల గీత నుదుటి మీద ఇంకా ఎర్రగా ఉంది. ఒంటినిండా నూనె వాసన. పిల్లల కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, చదవకుండానే పెట్టేసింది.

"ఇక్కడ మీరు పెట్టాలి టీచర్" అని కాగితం ఇటు తిప్పింది.

ఓడిల్ పెన్ను తీసింది.

"గుర్తుందా టీచర్, నా కాగితం మీద కూడా మీరే పెట్టారు. ఇరవై ఒక్కేళ్ళయింది. పేరు చివర ఇలా తోక తీసేవారు. దాన్నే చూస్తూ కూర్చున్నా, బలే ఉందే అని." ఇంగ్రిడ్ నవ్వింది. ఎత్తిపొడుపేం లేదు అందులో. అదే ఓడిల్‌కి ప్రాణం చివుక్కుమనిపించింది. ఎత్తిపొడిచినా బాగుండేది.

గుర్తుంది. వెనక కిటికీ పక్కన కూర్చునే పిల్ల. అప్పటికి ఈ బిళ్ళలు లేవు. ఆ పిల్ల ఎందుకు తప్పు చేస్తోందో కనుక్కుందామనుకుంటూనే ఏడాది గడిచిపోయింది, కాగితం వచ్చింది, ఓడిల్ సంతకం పెట్టింది. ఆ రోజు కూడా ఒంట్లో బాగులేదు, ఇంటికి పోయి పడుకుందామని తొందర.

పెన్ను మూత పెట్టేసింది. "నాకో వారం టైమియ్యి ఇంగ్రిడ్."

"ఎందుకు టీచర్ ఈ అవస్థ? మీరే నిలబడలేకుండా ఉన్నారు. నేను బతకట్లేదా? ఇదీ బతుకుతుంది."

"బతుకుతుందిలే. వారం ఆగు."

మర్నాడు లూమిస్ వచ్చాడు. పొడుగాటి మనిషి, బూట్ల మీద మంచు కరిగి కార్పెట్ తడుస్తున్నా చూసుకోలేదు. పదకొండు బళ్ళు కార్లో తిరిగి తిరిగి ఆయన మొహమూ వాడిపోయే ఉంది.

"ఆ పిల్లకి వచ్చు" అంది ఓడిల్. "చేతికి బిళ్ళలిచ్చి చూడండి. మీరు పరీక్ష పెట్టింది తవ్వకం సెలవుల మర్నాడు. అది నిద్రపోయింది, లెక్క రాక కాదు."

"అది నా పొరపాటే మిసెస్ థిబో. వచ్చే ఏడు మారుస్తాను."

"వచ్చే ఏటికి అది బాయిలర్ పక్కన ఉంటుంది."

లూమిస్ కళ్ళు నులుముకున్నాడు. "మీ బిళ్ళల గురించి విన్నాను. కలిస్తే మాయమవుతాయట. మంచిదే, నేనేం కాదనను. కానీ మాయమైపోయినదాన్ని ఫైల్లో ఎక్కడ పెట్టమంటారు? రేపు పైనుంచి ఎవరైనా వచ్చి, ఈ అమ్మాయి లెక్క చేసిందనడానికి రుజువేదయ్యా అంటే, ఖాళీ బల్ల ఫొటో చూపించనా?"

ఓడిల్‌కి ఒళ్ళు మండింది గానీ, ఆయన అన్నదాంట్లో తప్పు కనబడలేదు. చివరికి ఇద్దరూ అలసిపోయి ఒక ఒప్పందానికొచ్చారు. వచ్చే శుక్రవారం లైబ్రరీలో పది లెక్కలు. ఏడు ఒప్పయితే పిల్ల పైనే ఉంటుంది. పెన్సిలు తప్ప గదిలోకి ఏ వస్తువూ తేకూడదు. ఎలా చేసిందో చూపించాలి.

ఆ వారం బడి వదిలాక లినియా ఉండిపోయేది. నాలుగింటికే చీకటి పడే రోజులవి. ఓడిల్ పొద్దున్నే నలభై బిళ్ళలు సొరుగులో దాచిపెట్టేది. మొదటి పీరియడ్ పిల్లలు గోల. "టీచర్, మా బిళ్ళలేవీ? డబ్బా వెలితిగా ఉంది!"

"ఎలకలు తినేశాయి. ఉన్నవాటితో చెయ్యండి."

"చెక్క బిళ్ళలు ఎలకలెందుకు తింటాయి టీచర్?"

"దుంపల పీపా చెక్కలు కదరా, రుచిగా ఉంటాయి. నోరు మూసుకుని కలపండి."

బిళ్ళలు చేతిలో ఉంటే లినియాకి తప్పు రాదు. పసుపువి ఒక చేత్తో, ఎర్రవి ఒక చేత్తో టకటకా పెట్టేది, ఎర్రవి టకటకా ఏరేసేది. ఆ ఏరడం చూసి ఓడిల్‌కి ముచ్చటేసింది. కాగితం ముందు పెడితే మాత్రం చేతులు ఒళ్ళోకి జారిపోయేవి. మూడులోంచి మైనస్ రెండు తీస్తే ఎంత? ఒకటి, అని రాసేది. నాలుగు రోజులూ ఒకటే రాసింది.

"చేత్తో చేసినప్పుడు ఐదు వచ్చిందిగా?"

"చేత్తో చేసినప్పుడు కనిపిస్తుంది టీచర్. కొట్టులో రాళ్ళు తీసేస్తుంటే దుంపలు పెరిగినట్టే ఉంటుంది, బెల్టు నిండినట్టు. కాగితం మీద ఏముంది, గీతలే."

"అదేనే! రాళ్ళు తియ్యడమే. ఆ మాటే గుర్తుపెట్టుకో."

"కాగితం మీద తియ్యడానికి రాళ్ళు లేవు టీచర్."

గురువారం సాయంత్రం ఓడిల్ ఫ్లాస్కులో అడుగున మిగిలిన చల్లటి కాఫీ తాగి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందామనుకుంది. తెరిచేసరికి తన కోటు తన మీదే కప్పి ఉంది. బిళ్ళలు అన్నీ అయిపోయాయి. లినియా బ్యాగు తగిలించుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"లేపొచ్చుగా!"

"మీరు కొట్టులో ఆఖరి రోజు మా అందరి లాగా ఉన్నారు టీచర్. లేపబుద్ధి కాలేదు." బ్యాగు భుజం మీదికి సర్దుకుని, "రేపు లెక్కలు రాకపోయినా పర్లేదు. మీరు చెప్పారు, నాకే రాలేదు" అంది.

పన్నెండేళ్ళ పిల్ల తనని ఓదారుస్తోంది. ఓడిల్‌కి ఏడుపొచ్చింది. ఆ పిల్ల వెళ్ళేదాకా ఆపుకుని, తర్వాత ఒక్కతే కూర్చుని ఏడ్చింది. ఆర్మండ్ చీపురుతో వచ్చి, చూసి, చప్పుడు చెయ్యకుండా పక్క గది ఊడ్చడానికి పోయాడు.

శుక్రవారం లైబ్రరీలో బల్ల తుడిచి ఉంచారు. లూమిస్ ఒకవైపు, లినియా ఒకవైపు. ఓడిల్ తలుపు దగ్గర కుర్చీలో. మాట్లాడకూడదని ముందే చెప్పారు. లూమిస్ కాస్త ఇబ్బందిపడుతూనే జేబులు చూపించమన్నాడు. లినియా తిరగేసి చూపించింది. ఒక జేబులో ఎండిన మట్టిపెళ్ళ, ఇంకోదాంట్లో చుట్టేసిన చూయింగ్ గమ్ కాగితం. రెండూ తీసి పక్కన పెట్టించాడు.

మొదటి ఆరూ కలిపే లెక్కలు. ఓడిల్ మెడ సాచి చూస్తోంది. ఒప్పు, ఒప్పు, తప్పు. ఒప్పు. మళ్ళీ తప్పు, తొందరపడింది పిచ్చిది. ఆరోది ఒప్పు. నాలుగు వచ్చాయి, ఇంకా మూడు రావాలి. మిగిలిన నాలుగూ మైనస్‌లు తీసెయ్యాల్సిన లెక్కలే. ఓడిల్ ఆశ వదిలేసుకుంది. సంతకానికి పెన్ను సంచిలో ఉందా లేదా అని కూడా చూసుకుంది.

ఏడో లెక్క, సున్నాలోంచి మైనస్ నాలుగు తీసెయ్యాలి.

లినియా కాగితం వంక చూసింది. చాలాసేపు చూసింది. పెన్సిలు కింద పెట్టి, కాగితం పక్కకి జరిపి, ఖాళీ బల్ల మీద రెండు చేతులూ పరిచి పెట్టింది, బెల్టు మొదలవ్వకముందు పెట్టినట్టు. పెద్దగా ఏమీ అనలేదు. "నాలుగు కావాలి" అంది, అంతే. ఎదురుగా కూర్చున్న లూమిస్‌కి వినిపించింది, తలుపు దగ్గరున్న ఓడిల్‌కీ వినిపించింది.

చేతులెత్తింది. ఎడమ చేతి కింద నాలుగు పసుపు బిళ్ళలు. కుడి చేతి కింద నాలుగు ఎర్రవి. మధ్యలో వేలెడు దూరం.

ఎర్రవి నాలుగూ ఒక్క చేత్తో ఏరేసి ఒళ్ళో వేసుకుంది. పసుపువి నాలుగు మిగిలాయి. కాగితం దగ్గరికి లాక్కుని 4 వేసింది.

లూమిస్ బల్ల కింద తొంగిచూశాడు. ఓడిల్ వంక చూశాడు. ఓడిల్ రెండు చేతులూ పైకెత్తి చూపించింది, నా దగ్గరేం లేదని. నిజంగానే లేదు, డబ్బా తాళం వేసిన గదిలో ఉంది.

"పాప ఏమీ తేలేదు కదా?" అన్నాడు లూమిస్, తనలో తనే.

"తేలేదండీ. సున్నాలోనే ఉన్నాయి" అంది లినియా.

ఎనిమిదోది, మూడులోంచి మైనస్ రెండు. నాలుగు రోజులు ఏడిపించిన లెక్క. పసుపువి మూడు ముందుకి జరిపి, మళ్ళీ చేతులు పరిచి, రెండు జతలు తెచ్చుకుని, ఎర్రవి ఏరేసి, 5 వేసింది. తొమ్మిదికి మూడు జతలు. పదోదానికి ఒకటి. ఎర్రవి పడ్డప్పుడల్లా ఒళ్ళో టక్ టక్‌మని చప్పుడు. ఓడిల్ ఎప్పుడు లేచి నిలబడిందో ఆవిడకే తెలియదు. మడమల నొప్పి కూడా తెలియలేదు.

ఎనిమిది ఒప్పు.

లూమిస్ కాసేపు పెన్ను నములుతూ కూర్చుని, తర్వాత ఫారం నింపాడు. విద్యార్థి వెంట తెచ్చిన వస్తువులు దగ్గర 'లేవు' అని రాశాడు. వాడిన వస్తువులు దగ్గర 'పది జతలు' అని రాశాడు. రుజువు దగ్గర పసుపు బిళ్ళలు పదీ ఒక కవరులో వేసి, అంటించి, ఫైలుకి కుట్టాడు. మనిషి మొహం తేలికపడింది.

"ఎర్రవి కూడా కావాలాండీ?" అంది లినియా, ఒళ్ళో చెయ్యిపెట్టి.

"తీసేసినవి కదా. వాటితో నాకు పనిలేదు."

బయట ఇంగ్రిడ్ పికప్ ఇంజిను ఆపకుండా ఎదురుచూస్తోంది. లినియా తలుపు తెరిచి ఎక్కి, "అమ్మా, కిందికి పోవట్లేదు" అంది. ఇంగ్రిడ్ బండి ముందుకి పోనివ్వబోయి, మళ్ళీ ఆపి, స్టీరింగు మీద నుదురు ఆనించింది. దారిలో ఆ రైతు పొలం వచ్చినప్పుడు లినియా బండి ఆపించి, గట్టు మీద రాళ్ళకుప్ప దగ్గరికి మంచులో నడిచి వెళ్ళి, ఎర్రబిళ్ళలు పదీ దాని మీద పోసి వచ్చింది. ఏరేసినవి ఎక్కడ వెయ్యాలో ఆ పిల్లకి ఒకరు చెప్పాలా. మంచు కరిగాక చూస్తే ఇప్పటికీ అక్కడే ఉంటాయి.

సోమవారం పొద్దున ఓడిల్ బూట్లు విప్పింది, "అబ్బా" అంది, లెక్కపెట్టింది. పసుపువి నూట ఇరవై, ఎర్రవి నూట ఇరవై. ఒక్కటీ తగ్గలేదు. మొదటి పీరియడ్ పిల్లలు ఎప్పట్లాగే దోచేశారు. ఏడో పీరియడ్ అయ్యేసరికి డబ్బా ఖాళీ. పిల్లలు బిలబిలమంటూ వెళ్ళిపోయారు. ఇంటికి పోయి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకోవడం తప్ప ఇంకేమీ వద్దనుకుంటూ కోటు తొడుక్కుంటోంది, తలుపులో ఇంగ్రిడ్ కనబడింది. ఈసారీ నుదుటి మీద తలవల గీత.

"కాగితం చింపేశానుగా ఇంగ్రిడ్, ఇంకేం సంతకాల్లేవు."

"దానికి కాదు టీచర్." గుమ్మంలోనే నిలబడి గ్లవ్స్ పిండుతోంది. "అది ఇంట్లో చెబుతోంది, మైనస్ మైనస్ అని. నాకెక్కట్లేదు. రెండున్నరకి షిఫ్టు అయిపోతుంది నాకు. మీకు ఓపికుంటే..."

ఓపిక లేదు. ఉంటే గింటే ఇంటిదాకా కారు నడిపేటంత ఉంది. ఓడిల్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, వెనక కిటికీ పక్కన బల్ల చేత్తో తుడిచింది.

"అక్కడేగా నువ్వు కూర్చునేదానివి? రా. బిళ్ళలు మాత్రం అయిపోయాయి."

"అక్కర్లేదంది అది" అని ఇంగ్రిడ్ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, నూనెకి కందిన చేతులు రెండూ ఖాళీ బల్ల మీద పరిచింది. ఆ రోజేమీ రాలేదు. మర్నాడూ రాలేదు. బుధవారం ఇద్దరూ బల్ల మీదే కునికారు, ఆర్మండ్ వచ్చి లేపాల్సొచ్చింది.

గురువారం ఒక్క జత వచ్చింది. ఇంగ్రిడ్ ఎర్రది తీసి జేబులో వేసుకుంది. మిగిలిన పసుపుదాన్ని కాసేపు అరచేతిలో పట్టుకు కూర్చుని, టీచర్ డబ్బాలో వేసి ఇంటికి వెళ్ళింది. ఓడిల్ పొద్దున్నే లెక్కపెడితే ఇప్పుడు పసుపువి నూట ఇరవై ఒకటి వస్తాయి.